విమానం తనూ ఎక్కిన పెద్దాయన

ఆగస్టు వచ్చిందంటే సింగపూర్‌లో ప్రతి బ్లాకు వరండాకీ ఎరుపూ తెలుపూ జెండాలు వేలాడతాయి. వాళ్ళ జాతీయ దినం 9వ తేదీన. ఆ జెండాలు చూసినప్పుడల్లా నాకు పండగతో పాటు ఒక పెద్దాయన చావు కూడా గుర్తొస్తుంది. 2016 ఆగస్టు 22, సోమవారం రాత్రి, సింగపూర్ మాజీ అధ్యక్షుడు ఎస్.ఆర్. నాథన్ గారు ఇక్కడి జనరల్ హాస్పిటల్‌లో కన్నుమూశారు. జులై 31న పక్షవాతం వచ్చి చేరారు, మళ్ళీ ఇంటికి వెళ్ళలేదు. ఆయన వయసు 92.

మాజీ అధ్యక్షుడు అనే మాట పక్కన పెడితే ఆయన ఒకప్పుడు ఈ దేశ గూఢచార విభాగానికి అధిపతి. అంతకు ముందు కార్మిక సంఘాల్లో పనిచేసినవాడు. అంతకు ముందు యుద్ధం మధ్యలో బతుకు వెతుక్కున్న కుర్రాడు. ఈ సంగతులేవీ అప్పుడు నాకు తెలియవు. మాది శ్రీకాకుళం జిల్లా పలాస వైపు పల్లె. పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చేసి 2012లో ఇక్కడికి వచ్చాను. నేను వచ్చేసరికే ఆయన పదవి దిగి ఏడాది అయింది. కాబట్టి ఆయన ఫొటో కూడా నాకు సరిగ్గా గుర్తు లేదు.

నాకు చెప్పింది మా సైట్లో లిఫ్టింగ్ సూపర్‌వైజర్‌గా ఉన్న చైనీయుడు. అరవై దాటిన మనిషి, అందరం అంకుల్ అనేవాళ్ళం. అప్పుడు మేం థామ్సన్ లైన్ మెట్రో స్టేషన్ పని మీద ఉన్నాం. మంగళవారం రాత్రి షిఫ్టులో టీ తాగుతుంటే అంకుల్ ఏమీ మాట్లాడటం లేదు. ఏంటి అంకుల్ అంటే, "మీ ఇండియన్ పెద్దాయన పోయాడు, నీకు తెలీదా?" అన్నాడు. తెలుసు, న్యూస్‌లో చూశాను అన్నాను. "న్యూస్‌లో ప్రెసిడెంట్ అని చెబుతారు. నాకు మాత్రం ఆయన విమానం ఎక్కిన మనిషి. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు, మిలిటరీ సర్వీసులో ఉన్నాను" అన్నాడు. ఆ రాత్రి క్రేన్ కింద నిలబడి చెప్పిన కథే ఇది. తర్వాత నేను నేషనల్ లైబ్రరీకి వెళ్ళి చదివి సరిచూసుకున్నాను.

లాజు అనే ఫెర్రీ

1974 జనవరి 31. సింగపూర్ తీరానికి కాస్త దూరంలో పులావ్ బుకోమ్ అనే దీవి ఉంది. మనవాళ్ళలో రిఫైనరీ షట్‌డౌన్ పనులకు వెళ్ళినవాళ్ళకు ఆ పేరు బాగా తెలుసు. అప్పట్లో అక్కడ షెల్ కంపెనీ రిఫైనరీ నడిచేది. ఆ రోజు నలుగురు సాయుధులు పడవలో వచ్చి దీవిలో దిగారు. ఇద్దరు జపాన్ రెడ్ ఆర్మీ వాళ్ళు, ఇద్దరు పాలస్తీనా పాపులర్ ఫ్రంట్ వాళ్ళు. చమురు ట్యాంకుల దగ్గర బాంబులు పేల్చారు. పారిపోయే దారి లేక జెట్టీలో ఉన్న లాజు అనే ఫెర్రీని ఎక్కి అందులో ఉన్న ఐదుగురు సిబ్బందిని బందీలుగా పట్టుకున్నారు. నౌకాదళం పడవలూ పోలీసు పడవలూ ఫెర్రీని చుట్టుముట్టాయి. బందీల్లో ఇద్దరు నీళ్ళలోకి దూకి తప్పించుకున్నారు. ముగ్గురు మిగిలారు.

ఒక్క ఫెర్రీ, ముగ్గురు పనివాళ్ళు. వాళ్ళేం పెద్ద హోదాల వాళ్ళు కాదు, రోజూ దీవికి మనుషుల్ని చేరవేసే సిబ్బంది. వాళ్ళ కోసం వారం రోజులు బేరసారాలు నడిచాయి. ఆ బేరాల్లో ముందున్న అధికారుల్లో ఒకరు అప్పటి రక్షణ శాఖలో భద్రత, గూఢచార విభాగం డైరెక్టర్‌గా ఉన్న నాథన్ గారు.

ఇంతలో ఫిబ్రవరి 6న కువైట్‌లో మరో ఐదుగురు సాయుధులు జపాన్ రాయబార కార్యాలయాన్ని ఆక్రమించారు. సింగపూర్‌లో చిక్కుకున్న తమవాళ్ళను విమానంలో కువైట్‌కు తెచ్చి అప్పగించకపోతే అక్కడి బందీలను చంపుతామన్నారు. జపాన్ విమానం పంపింది. ఫెర్రీలో ఉన్న నలుగురూ ఆయుధాలు ఇచ్చేసి బందీలను వదలడానికి ఒప్పుకున్నారు. అయితే దారిలో తమకు ఏ మోసమూ జరగదనే హామీ కావాలన్నారు. ఆ హామీ కాగితం మీద రాసిచ్చేది కాదు. మనుషులే హామీగా విమానంలో కూర్చోవాలి.

ఫిబ్రవరి 8న ఆ విమానం బయలుదేరింది. సింగపూర్ తరఫున 13 మంది ఎక్కారు. ఆ జట్టుకు పెద్ద నాథన్ గారు. అప్పటికి ఆయనకు 49 ఏళ్ళు, ఇంట్లో భార్య, ఇద్దరు పిల్లలు. విమానం కువైట్‌లో దిగింది. రాయబార కార్యాలయం దగ్గరి ఐదుగురూ అదే విమానం ఎక్కి దక్షిణ యెమెన్‌లోని ఏడెన్‌కు వెళ్ళిపోయారు. సింగపూర్ జట్టు 9వ తేదీన క్షేమంగా తిరిగొచ్చింది. ఈ మొత్తం గొడవలో ఒక్క ప్రాణం కూడా పోలేదు. ఆ ఏడాదే ప్రభుత్వం ఆయనకు మెరిటోరియస్ సర్వీస్ పతకం ఇచ్చింది.

కువైట్‌లో ఉండి ఈ పేజీ చదివే మన కడప వాళ్ళూ కోనసీమ వాళ్ళూ ఒక్కసారి ఊహించుకోండి. మీరు సూట్‌కేస్ తోసుకుంటూ దిగే ఊళ్ళోనే, ఒకప్పుడు ముగ్గురు ఫెర్రీ పనివాళ్ళ ప్రాణాలకు బదులుగా తన ప్రాణం పెట్టి కూర్చున్న మనిషి దిగాడు.

అంకుల్ కథ ముగించి ఒక్క మాట అన్నాడు: "ఎవర్నైనా పంపొచ్చు. డైరెక్టర్ కదా. తనే వెళ్ళాడు." ఆ మాట నాకు ఎందుకు గుచ్చుకుందో కింద చెబుతాను.

యుద్ధంలో పెరిగిన కుర్రాడు

సెల్లపన్ రామనాథన్ 1924 జులై 3న సింగపూర్‌లో ఒక తమిళ కుటుంబంలో పుట్టారు. చిన్నతనం మలేసియాలోని మువార్ అనే సముద్రపు ఒడ్డు ఊళ్ళో గడిచింది. తండ్రి వకీళ్ళ దగ్గర గుమాస్తా. రబ్బరు ధరలు పడిపోయిన మాంద్యం రోజుల్లో అప్పుల్లో కూరుకుపోయి ప్రాణం తీసుకున్నాడు. పిల్లవాడికి అప్పుడు ఎనిమిదేళ్ళు. అప్పుకు తండ్రిని పోగొట్టుకున్న పిల్లవాడు ఎలా పెరుగుతాడో మన పత్తి ఊళ్ళలో చాలామందికి చెప్పనక్కర్లేదు.

చదువు సాగలేదు. బడి నుంచి తీసేశారు. పదహారేళ్ళ వయసులో తల్లితో గొడవపడి ఇల్లు వదిలి పోయాడు. చిన్నా చితకా పనులు చేసుకుంటూ ఉండగా యుద్ధం వచ్చి పడింది. 1942 ఫిబ్రవరి 15న బ్రిటిష్ సైన్యం సింగపూర్‌ను జపాన్‌కు అప్పగించింది. మూడున్నరేళ్ళు జపాన్ పాలన. తోటల్లో పనిచేసే మన దక్షిణాది కూలీలను, తమిళులనూ తెలుగువాళ్ళనూ కూడా, సయాం-బర్మా రైలు మార్గం పనికి తోలుకెళ్ళింది ఆ రోజుల్లోనే. వెళ్ళినవాళ్ళలో వేలమంది తిరిగి రాలేదు.

ఆ రోజుల్లో ఈ కుర్రాడు జపాన్ భాష నేర్చుకున్నాడు. జపాన్ పోలీసుల దగ్గర దుభాషిగా చేరాడు. ఆయన తుపాకీ పట్టిన సైనికుడు కాదు. కానీ యుద్ధాన్ని దగ్గర నుంచి చూసినవాడు. రెండు వైపులా మాట మోసేవాడికి రెండు వైపులా ప్రమాదమే. సైట్లో తమిళం, బెంగాలీ, చైనా మాటలు కాస్త కాస్త నేర్చుకుని బాస్‌కీ కూలీకీ మధ్య నిలబడే మనవాళ్ళకు ఆ ఇరుకు కొంచెమైనా తెలుస్తుంది. శత్రువు దగ్గర పనిచేశాడనే మాట ఎవరైనా అనొచ్చు. ఆయన మాత్రం ఆ సంగతి దాచలేదు. 2011లో వచ్చిన తన ఆత్మకథలో ఆ రోజుల గురించి రాసుకున్నారు.

డిప్లొమా మనిషి

నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించింది ఇది. యుద్ధం అయ్యాక ఆయన గుమాస్తా పని చేసుకుంటూ ఉత్తరాల ద్వారా చదువుకుని ఆగిపోయిన చదువు పూర్తి చేశారు. ఆ తర్వాత సింగపూర్‌లోని మలయా యూనివర్సిటీలో చేరి 1954లో సోషల్ స్టడీస్‌లో పాసయ్యారు. అది డిగ్రీ కాదు, డిప్లొమా. అప్పటికి ఆయనకు ముప్ఫై ఏళ్ళు.

మన దగ్గర డిప్లొమా అంటే ఎలా చూస్తారో తెలుసు కదా. బీటెక్ కుర్రాడు నిన్న వచ్చినా ఇంజినీర్ సార్. మనం పదేళ్ళు ఎండలో మాడినా సూపర్‌వైజరే. పెళ్ళిచూపుల్లో కూడా "అబ్బాయి ఇంజినీరా?" అంటే మా నాన్న ఒక్క క్షణం ఆగి "అదే లైన్లో ఉన్నాడండీ" అనేవాడు. అలాంటి నాకు, డిప్లొమాతో మొదలైన మనిషి దేశాధ్యక్షుడు అయ్యాడని తెలిసినప్పుడు లైబ్రరీలోనే నవ్వొచ్చింది. ఆ రాత్రే ఇంటికి ఫోన్ చేసి నాన్నకు చెప్పాను. "ఒరే, ఆయన కష్టపడ్డాడు రా" అన్నాడు. అంటే నేను పడటం లేదనా అని అడిగితే నవ్వేశాడు.

1955లో ఆసుపత్రిలో సోషల్ వర్కర్ పని. 1956లో ఓడ నావికుల సంక్షేమ అధికారి. ఆ రోజుల్లో ఓడలో పని దొరకాలంటే ఘాట్ సరంగులనే దళారుల చేతుల్లో పడాలి. వాళ్ళే ఓడకు మనుషుల్ని కుదిర్చేవాళ్ళు, వాళ్ళ ఇళ్ళలోనే అద్దెకు ఉండాలి, జీతంలో వాళ్ళకు వాటా పోవాలి. ఏజెంటుకు లక్షలు కట్టి వచ్చిన మనకు ఈ లెక్క కొత్త కాదు. తర్వాత 1962 నుంచి 1966 దాకా కార్మిక సంఘాల సమాఖ్యకు చెందిన లేబర్ రీసెర్చ్ యూనిట్‌లో ఉన్నారు. యాజమాన్యాలతో జీతాల గొడవలు వచ్చినప్పుడు కార్మికుల పక్షాన లెక్కలు కట్టి, వాదనలు తయారు చేసిచ్చే పని అది. దేశ రహస్యాలు చూసే కుర్చీలోకి వెళ్ళకముందు ఆయన పని కూలీల గోడు వినడమే.

ఆ తర్వాత విదేశాంగ శాఖ. 1971లో రక్షణ శాఖకు మారి గూఢచార విభాగం బాధ్యత. 1979 దాకా ఆ పనిలోనే ఉన్నారు. ఆ ఎనిమిదేళ్ళలో లాజు సంగతి తప్ప బయటికి వచ్చింది తక్కువ. ఆ ఉద్యోగం అలాంటిది. బాగా చేస్తే ఎవరికీ తెలియదు, తప్పు జరిగితే అందరికీ తెలుస్తుంది. ఆ గతం ఆయన్ని వదల్లేదు కూడా. 1982లో స్ట్రెయిట్స్ టైమ్స్ పత్రిక సంస్థకు ఛైర్మన్‌గా పంపినప్పుడు, ప్రభుత్వం తమ మీద నిఘాకి గూఢచారి మనిషిని పెట్టిందని అక్కడి జర్నలిస్టులు అనుమానించారు. అధ్యక్ష పదవికి 1999లోనూ 2005లోనూ పోటీ లేకుండానే ఎన్నికయ్యారు. దాని మీద కూడా విమర్శలున్నాయి. ఇవన్నీ ఉన్నా, మలేసియాలో హైకమిషనర్‌గా, అమెరికాలో రాయబారిగా చేసి వచ్చి, 12 ఏళ్ళు అధ్యక్షుడిగా ఉన్నారు. ఈ దేశంలో అంతకాలం ఆ పదవిలో ఉన్నవాళ్ళు మరొకరు లేరు.

మనకు తెలిసిన చోటే ఇంకో గుర్తు కూడా ఉంది. ఆదివారం మనవాళ్ళు చాలామంది వెళ్ళే సెరంగూన్ రోడ్డు శ్రీనివాస పెరుమాళ్ గుడిని చూసుకునేది హిందూ ఎండోమెంట్స్ బోర్డు. 1983 నుంచి 1988 దాకా ఆ బోర్డుకు ఛైర్మన్ ఆయనే.

ఆ గురువారం

25వ తేదీ గురువారం భౌతికకాయాన్ని పార్లమెంటు భవనంలో ప్రజల దర్శనానికి ఉంచారు. రాత్రి షిఫ్టు అయ్యాక నిద్ర మానుకుని అంకుల్‌తో పాటు వెళ్ళాను. సేఫ్టీ బూట్ల మట్టి కడుక్కుని, డార్మిటరీలో ఉన్న ఒకే ఒక్క తెల్ల చొక్కా వేసుకున్నాను. లోపలికి రానిస్తారా, నాలాంటి వర్కర్‌ని ఆపుతారా అని భయం. ఎవరూ ఏమీ అడగలేదు. చైనా వాళ్ళు, మలయ్ వాళ్ళు, మనవాళ్ళు, స్కూలు పిల్లలు, కర్రలు పట్టుకున్న ముసలివాళ్ళు, అందరం ఒకే క్యూలో కదిలాం. శవపేటిక ముందు మాకు దొరికింది రెండు క్షణాలు. నేను చేతులు జోడించాను. అంకుల్ ఒళ్ళు బిగబట్టి సెల్యూట్ కొట్టాడు. బయటికి వచ్చాక కళ్ళు తుడుచుకుంటూ, దుమ్ము పడింది అన్నాడు.

శుక్రవారం అంత్యక్రియలు. ఫిరంగి బండి మీద ఊరేగించి నేషనల్ యూనివర్సిటీ హాలుకు తీసుకెళ్ళారు. సాయంత్రం డార్మిటరీలో పది మందిమి ఒకే ఫోన్ చుట్టూ చేరి చూశాం. అక్కడ ఒక తమిళ సినిమా పాట వేశారు. 1997లో వచ్చిన 'పొర్కాలం' సినిమాలోని తంజావూరు మట్టి పాట. ఊరూరి మట్టి తెచ్చి ఒక బొమ్మను చేసే మనిషి పాట అది. ఆయనకు చాలా ఇష్టమట. రకరకాల మట్టితో చేసిన బొమ్మ లాంటిదే ఈ దేశమని దాని అర్థం చెప్పారు. మా రూములో తంజావూరు జిల్లా రిగ్గర్ ఒకడున్నాడు. పాట మొదలవగానే లేచి నిలబడి, "అన్నా, మా ఊరు!" అన్నాడు. ఇంకేమీ మాట్లాడలేకపోయాడు.

నా సంతకం

ఇప్పుడు అంకుల్ మాట ఎందుకు గుచ్చుకుందో చెబుతాను. సూపర్‌వైజర్ పని అంటే రోజూ మనుషుల్ని ఎక్కడికో పంపడమే. పైకి ఎక్కించడం, గుంటలోకి దింపడం. పొద్దున్న టూల్‌బాక్స్ మీటింగ్‌లో జాగ్రత్తలు చెబుతాం, పర్మిట్ మీద సంతకం పెడతాం, నీడలో నిలబడతాం. పంపడం అలవాటైపోతుంది.

2018లో వేరే కంపెనీలో ఉన్నాను. నిజామాబాద్ వైపు తమ్ముడొకడికి షట్టరింగ్ ప్యానెల్ కింద వేళ్ళు నలిగాయి. డాక్టరు రెండు వారాల సెలవు రాశాడు. ఆఫీసు నుంచి నాకు ఫోన్. డార్మిటరీ మెట్ల మీద పడ్డాడని రిపోర్టులో రాసి సంతకం పెట్టు, నీకూ మంచిది, వాడికీ మంచిది అన్నారు. వాడికి అప్పటికి ఏజెంటు అప్పు సగం కూడా తీరలేదు. "అన్నా, ఎట్ల రాస్తె గట్ల రాయి, నన్ను మాత్రం పంపకుండ్రి" అని ఏడ్చాడు. నా పాస్ రెన్యువల్ ఇంకా నాలుగు నెలలుంది. ఇంట్లో పాపకు అప్పుడే ఏడాది నిండింది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నేను ఏ దేశాధికారినీ కాను, ఎవరూ నన్ను విమానం ఎక్కమనలేదు. ఒక కాగితం మీద నిజం రాయమన్నారంతే, అది కూడా నా మనసే అంది. పొద్దున్నే జరిగింది జరిగినట్టు రాశాను. ఆసుపత్రికి వాడితో నేనే వెళ్ళాను. వాడికి రావలసిన పరిహారం వచ్చింది. నాలుగు నెలలకు నా పాస్ రెన్యువల్ కాలేదు. ఐదు నెలలు పలాసలో కూర్చున్నాను, ఇంకో కంపెనీలో రావడానికి మళ్ళీ డబ్బు కట్టాను. నష్టపోయానా అంటే పోయాను. మా ఆవిడ ఇప్పటికీ అప్పుడప్పుడూ ఆ లెక్క తీస్తుంది.

సింగపూర్‌లో ఉన్న తమ్ముళ్ళకు ఈ సందర్భంగా ఒక మాట. 2020 సెప్టెంబరు నుంచి పనిలో దెబ్బ తగిలి డాక్టరు ఒక్క రోజు సెలవు రాసినా, లైట్ డ్యూటీ రాసినా, కంపెనీ మానవ వనరుల మంత్రిత్వ శాఖకు తెలియజేయాల్సిందే. కంపెనీ తెలపకపోతే మీరే తెలపొచ్చు. పరిహారం కోసం ఏడాది లోపు అడగాలి. మెట్ల మీద పడ్డానని రాసిన కాగితం మీద సంతకం పెట్టకండి. సూపర్‌వైజర్ అన్నలకు కూడా ఇదే మాట.

అంకుల్ రిటైరయ్యాడు. చైనా కొత్త సంవత్సరానికి ఫోన్ చేస్తే ఇంకా ఆ నిజామాబాద్ తమ్ముడు ఎలా ఉన్నాడని అడుగుతాడు. వాడు ఊళ్ళో ట్రాక్టర్ కొనుక్కున్నాడు, నలిగిన చేత్తోనే స్టీరింగ్ తిప్పుతున్నాడు అని చెప్పాను. "గుడ్, గుడ్" అని, కాసేపాగి, "ఆ రోజు క్యూలో నీకు ఆకలేసింది, నేను ఏమీ కొనిపెట్టలేదు" అన్నాడు. ఈసారి ఆగస్టులో సెలవు దొరికితే ఇద్దరం కలిసి బుకోమ్ దీవి కనిపించే ఒడ్డుకు వెళ్దామనుకున్నాం. టీ ఖర్చు ఆయనదే.